పంతొమ్మిదో మైలు దగ్గర మా తోడల్లుడు

పోయిన ఆదివారం పొద్దున మా అమ్మాయి శాన్ రామన్ నుంచి వీడియో కాల్ చేసి, మారథాన్‌కి రిజిస్టర్ చేశానని చెప్పింది. ఆ మాట చెబుతూనే ఫోన్ తిప్పి, మంచం మీద పరిచిన సరంజామా అంతా చూపించింది. కొత్త బూట్లు, రెండు జతల మేజోళ్ళు, చెమట పీల్చే చొక్కా, వాటి పక్కన వీపుకి తగిలించుకునే నీళ్ళ సంచి. దానికి భుజం మీదుగా నోటి దాకా వచ్చే ఒక గొట్టం. "ఇది టూ లీటర్స్ పడుతుంది నాన్నా, నేను ఎక్కడా ఆగక్కర్లేదు" అంది సంబరంగా. "అది రిటర్న్ చేసెయ్" అన్నాను. నేను అనుకున్నదానికంటే గొంతు గట్టిగా వచ్చింది. అటువైపు అమ్మాయి మొహంలో నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి, నా మొహం చూసి, లోపలికి వెళ్ళింది. తరవాత అన్నీ వివరంగా చెబుతానని అమ్మాయికి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. మేం మారథాన్ పరిగెత్తిన ఏడాది తనది మిడిల్ స్కూల్ వయసు. పెదనాన్నకి ఒంట్లో బాగోలేదని మాత్రమే చెప్పాం. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో తనకి తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజు సంగతి మొత్తం తెలిసినవాళ్ళు చాలా తక్కువ.

ఆ పెదనాన్న నాకు తోడల్లుడు. తోడల్లుడంటే ఏమిటో తెలుగువాళ్ళకి చెప్పనక్కర్లేదు. మాటలో తోడు ఉంది గానీ ఆ తోడు మనం ఏరికోరి తెచ్చుకున్నది కాదు, అత్తగారిల్లు జత చేసి పెట్టింది. మా ఆవిడ అక్కగారి భర్త ఆయన. నాకంటే మూడేళ్ళు పెద్ద, ఆ ఇంటికి నాకంటే ఆరేళ్ళు ముందు వచ్చిన అల్లుడు. ఆయనది కరీంనగర్ వైపు, మాది ఒంగోలు దగ్గర. మా అత్తగారికి పెద్దల్లుడంటే మహా గురి. "పెద్దల్లుడు భోంచేసిన కంచం చూస్తే కడిగిపెట్టినట్టుంటుంది" అనేవారు, నా కంచంలో మిగిలిన కరివేపాకునీ మిరపకాయల్నీ ఓరకంటితో చూస్తూ. ఉద్యోగాలు ఇద్దర్నీ అరిజోనాలోని చాండ్లర్‌కే చేర్చాయి. నాలుగు వీధుల ఎడంలో కాపురాలు. ఆయన కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజినీరు. దుమ్ము రేణువు కూడా లోపలికి పోకూడని గదిలో, తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగు వేసుకుని పనిచేస్తారు. రాసిపెట్టిన పద్ధతి ప్రకారం తప్ప ఏ పనీ చేయరు. పులిహోర కలపడానికి కూడా చింతపండు గుజ్జు తూచే మనిషి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉండేవాణ్ణి. ఎవరైనా పద్ధతిగా కట్టినదాన్ని ఎక్కడ నొక్కితే కూలుతుందో చూడటం నా పని. మా ఇద్దరికీ పొసగడం కష్టమనే అందరూ అనుకునేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

ఒకే ఏడాది మా ఇద్దరి రక్తపరీక్షలూ బాగా రాలేదు. నాకు షుగరు, ఆయనకి బీపీ. డాక్టర్లు ఇద్దరికీ నడవమన్నారు. ఆయన నడకతో సరిపెట్టుకునే రకం కాదు. ఒక శనివారం మా ఇంటికి వచ్చి, ముప్ఫై రెండు వారాల మారథాన్ శిక్షణ పట్టిక ఒకటి లామినేట్ చేయించి తెచ్చి, మా ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. నా కోసమని మా ఆవిడ అక్కడున్న పిజ్జా కూపన్లన్నీ తీసేసి చోటు చేసింది. మొదటి రోజు మా వీధి చివర ఉత్తరాల పెట్టెల దాకా పరిగెత్తి, అక్కడ ఒక పెట్టె పట్టుకుని నిలబడిపోయాను. ఆయన గడియారం చూసుకుని, రేపు దీనికి రెండింతలు అన్నారు.

అలా మొదలైంది. అరిజోనా ఎండాకాలంలో పరిగెత్తాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకే కాలవ గట్టు మీద ఉండాలి. అప్పటికే తొంభై ఫారెన్‌హీట్ డిగ్రీలు. నుదుటికి దీపాలు కట్టుకుని మేమిద్దరం, మా వెలుతురు తగిలి చెంగున పొదల్లోకి దూకే కుందేళ్ళు, అటుపక్క గోడల మీదుగా నారింజచెట్ల వాసన. జులైలో వాన పడిన మర్నాడు ఎడారి పొదల్లోంచి ఒక ఘాటైన పచ్చి వాసన వచ్చేది. మనవైపు తొలకరికి లేచే మట్టివాసన కాదది, అయినా ముక్కు దానికి అలవాటు పడిపోయింది. నేను ఆపకుండా మాట్లాడుతూ పరిగెత్తేవాణ్ణి. ఆయన "ఆఁ" అనేవారు. ఎనిమిది మైళ్ళు పరిగెత్తితే ఎనిమిది "ఆఁ"లు వచ్చేవి. కానీ నేను ఒకరోజు మా టీమ్‌లో లేఆఫ్‌ల భయం గురించి చెబితే, రెండు వారాల తరవాత ఏ ప్రస్తావనా లేకుండా, ఏ కంపెనీలో నాకు పనికొచ్చే ఖాళీలున్నాయో పేర్లతో సహా చెప్పారు. విననట్టు కనపడుతూ అన్నీ విన్నారన్నమాట. ఆ పొద్దులు నాకు వారం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనవని అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా ఆయనకి.

సెప్టెంబరులో ఒక ఆదివారం పద్నాలుగు మైళ్ళు పెట్టుకున్నాం. ఆలస్యంగా బయల్దేరడంతో పదో మైలుకే ఎండ నెత్తికెక్కింది. ఆయన నా ముందు నాలుగడుగుల దూరంలో పరిగెడుతూ పరిగెడుతూ మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోయారు. నేను ఫోన్ చేస్తే, ఇక్కడ అందరికంటే ముందు చేరే ఫైర్ ఇంజిన్ సిబ్బంది వచ్చి చేతికి సెలైన్ పెట్టారు, గంటలో తేరుకున్నారు. ఒంట్లో నీరు తగ్గిందని చెప్పారు. మా వదిన నైటీ మీదే కారేసుకుని వచ్చి, గట్టు మీద నిలబడి ఆయన్నే చూసింది తప్ప ఒక్క మాట అనలేదు. ఆ నిశ్శబ్దానికి ఆయన భయపడ్డారనుకుంటాను. మర్నాటి నుంచి కొత్త పద్ధతి. చేతి గడియారం ప్రతి పది నిమిషాలకీ మోగుతుంది, మోగినప్పుడల్లా దాహం ఉన్నా లేకపోయినా వీపు సంచిలోంచి నీళ్ళు తాగాలి. అటు బీపీ ఉంది కాబట్టి ఉప్పు దాదాపు మానేశారు. వాళ్ళింట్లో ఆవకాయ జాడీ కూడా మా ఇంటికి వచ్చేసింది. నాకు నీళ్ళు తాగడం గుర్తుండేది కాదు, గొంతు ఎండితే తాగేవాణ్ణి. దానికి ఆయన నన్ను చీవాట్లు పెట్టేవారు. నువ్వు ఏదో ఒకరోజు పడిపోతావు తమ్మీ అని.

పరుగు రోజు జనవరి ఆఖర్లో వచ్చింది. చీకటి వీడకముందే ఇద్దర్నీ మా ఆవిడ కారులో దింపింది. దారిలోనే ఆయన లీటరున్నర నీళ్ళు తాగారు. పొద్దున బాగా చలి, అది ఆగడానికి అందరూ పెద్ద చెత్త సంచులకి చిల్లుపెట్టి మెడలో వేసుకుని వణుకుతూ నిలబడ్డారు. ఆయన లక్ష్యం నాలుగున్నర గంటలు. నాది అయిదు గంటల్లోపు. అది నేను ఎవరికీ చెప్పని లక్ష్యం, పైకి మాత్రం పూర్తి చేస్తే చాలు అంటుండేవాణ్ణి. మూడో మైలు దాటగానే ఆయన చెయ్యి ఊపి ముందుకు వెళ్ళిపోయారు. ఆయన పెట్టుకున్న నీలం టోపీ జనంలో కలిసిపోయే దాకా చూసి, నా దారిన నేను పరిగెత్తాను.

ఆ రోజు నాకు ఏమైందో ఇప్పటికీ తెలియదు. కాళ్ళు నావి కావనిపించింది. ప్రతి వారం నన్ను ఏడిపించిన ఎడమ మోకాలు పలకనే లేదు. పదో మైలు, పదమూడో మైలు, పదహారో మైలు. మైలురాయి దాటిన ప్రతిసారీ లెక్క వేసుకున్నాను, ప్రతిసారీ అయిదు గంటల కంటే తక్కువే వచ్చింది. చిన్నప్పుడు స్కూల్లో ఏ ఆటలోనూ నన్ను ఎవరూ తమ జట్టులోకి అడిగి తీసుకోలేదు. యాభయ్యో ఏట ముక్కూ మొహం తెలియని మనుషులు రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంటే, ఆ చప్పట్లు నాకేనని నమ్మాలనిపించింది. పైకి చెబితే సిగ్గుగా ఉంటుంది గానీ, మా అత్తగారికి ఈ సంగతి ఎలా చెప్పాలో కూడా మనసులో మాటలు కూర్చుకున్నాను.

పంతొమ్మిదో మైలు దగ్గర నీలం టోపీ కనపడింది. ఆయన నడుస్తున్నారు. నడక తిన్నగా లేదు, రోడ్డు మీద గీసిన తెల్లగీతకి అటూ ఇటూ పడుతోంది. ఎంతో ముందు ఉండాల్సిన మనిషి. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుని, ఏమైంది అన్నయ్యా అన్నాను. నా వైపు చూశారు. మొహం కొంచెం ఉబ్బినట్టుంది. తల నొస్తోందన్నారు. తరవాత రోడ్డు చివరి వైపు చూసి, మామూలు గొంతుతోనే, "బస్సొచ్చిందా?" అని అడిగారు. నేను నవ్వాను. ఇరవై ఆరు మైళ్ళ పరుగులో పంతొమ్మిదో మైలు దగ్గర ఎవరైనా బస్సు గురించి అడిగితే నవ్వే వస్తుంది. ఆయన నవ్వలేదు. చెయ్యి విసిరి, "నువ్వు పో తమ్మీ. నేను మెల్లగ వస్త" అన్నారు. విసిరిన ఆ చేతి వేళ్ళు లావెక్కి ఉన్నాయి, పెళ్ళి ఉంగరం కండలోకి దిగబడిపోయి ఉంది. అది నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి ఇన్నేళ్ళూ ప్రయత్నించాను గానీ, చూశాను. గడియారం కూడా చూసుకున్నాను. మూడు గంటల ముప్ఫై ఆరు నిమిషాలు. ముందు నీళ్ళ స్టాల్ దగ్గర వాలంటీర్లు ఉన్నారు, ఎవరో ఒకరు చూసుకుంటారు, ఆయనే పొమ్మన్నారు కదా అనుకుని వెళ్ళిపోయాను.

అర మైలు వెళ్ళాను. ఆరు నిమిషాలు. మొదట బాగానే ఉంది. కాసేపటికి బస్సు మాట మళ్ళీ చెవిలో పడింది. నేను ఎందుకు నవ్వానో ఆలోచించాను. జోక్ అనుకుని నవ్వాను. పాతికేళ్ళుగా ఎరిగిన మనిషి, వందల మైళ్ళు నా పక్కన పరిగెత్తిన మనిషి, నాతో ఒక్కసారైనా జోక్ వేశారా అని వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఆయనకి జోకులు వేయడం రాదు. అక్కడితో నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. వెనక వస్తున్న ఒకావిడ నన్ను గుద్దుకోబోయి తప్పుకుంది.

వెనక్కి తిరిగి పరిగెత్తడం మొదలుపెట్టాను. ఎదురుగా వందలమంది వస్తున్నారు. ఒకాయన ఫినిష్ అటువైపు బడ్డీ అని వేలు చూపించాడు. ఇంకొకావిడ నాకు మతి చలించిందేమో అన్నట్టు చూసి పక్కకి జరిగింది. మారథాన్ మొత్తంలో నేను అన్నిటికంటే వేగంగా పరిగెత్తిన అర మైలు అదే. ఆయన్ని వదిలిన చోటుకి కొంచెం ఇవతల, రోడ్డు అంచున సిమెంటు గట్టు మీద కూర్చుని ఉన్నారు. పక్కన కాలేజీ పిల్ల ఒకతె, వాలంటీరు, కాగితం గ్లాసుతో నీళ్ళు పట్టిస్తోంది. వీపు సంచి చూస్తే ఖాళీ, చివరి చుక్క దాకా తాగేశారు. నేను ఆ అమ్మాయి చేతిలోంచి గ్లాసు అందుకుని, ఇంకొన్ని నీళ్ళు నేనే ఆయన నోటికి అందించాను. సెప్టెంబరులో పడిపోయింది నీళ్ళు లేకే కదా, మళ్ళీ అదే అనుకున్నాను. రెండు గుక్కలు మింగి, అంతా నా బూట్ల మీద కక్కేశారు. వచ్చింది నీళ్ళే. అప్పుడు నన్ను ఎవరిదో చిన్ననాటి స్నేహితుడి పేరుతో పిలిచారు.

మెడికల్ టెంటు రెండు వందల గజాల దూరంలో ఉంది. ఒక పక్క నేను, ఒక పక్క ఆ అమ్మాయి, ఆయన్ని దాదాపు మోసుకుంటూ వెళ్ళాం. టెంటులో నెరిసిన జుట్టు నర్సు ఒకావిడ ఉంది. ఇంకెవరో వెంటనే సెలైన్ సీసా అందుకోబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఆయన వేళ్ళు పట్టుకుని చూసింది. ఉంగరం చూసింది. ఎంత నీళ్ళు తాగాడని నన్ను అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దున కారులో లీటరున్నర, తరవాత పది నిమిషాలకొకసారి గడియారం మోగినప్పుడల్లా, వీపు సంచి మొత్తం, పైన దారిలో ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసులు. ఉప్పు తినరని కూడా చెప్పాను. ఆవిడ తల ఊపి, ఇంకెవరూ ఈయనకి చుక్క నీళ్ళు ఇవ్వకూడదని గట్టిగా చెప్పి, వేలి నుంచి రక్తం తీసి చిన్న మెషీన్‌లో పెట్టింది. అది తేలేలోపు నా వైపు తిరిగి, ఈ తికమక ఎప్పటి నుంచి ఉంది అని అడిగింది. నాలుక మీదికి ఇప్పుడే అనే మాట వచ్చింది. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి. "పావుగంట పైనే అయింది. నేను వదిలి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాను" అన్నాను. ఆవిడ అది రాసుకుంది.

నీళ్ళు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడిపోయిందని, దానివల్ల మెదడు వాస్తుందని, ఇప్పుడు మామూలు సెలైన్ కూడా పనికిరాదు, బాగా ఉప్పగా ఉండేది ఎక్కించాలని చెబుతుండగానే ఆయనకి ఫిట్స్ వచ్చాయి. మంచం కడ్డీలు టకటకా కొట్టుకున్న ఆ చప్పుడు చాలాకాలం నా చెవుల్లో ఉండిపోయింది. నలుగురు పట్టుకున్నారు. నన్ను వెనక్కి జరగమన్నారు. టెంటు గుడ్డకి వీపు ఆనించి నిలబడి, బయట వెళ్తున్నవాళ్ళ అడుగుల చప్పుడూ, ఎవరో గంట వాయించి వాళ్ళని ఉత్సాహపరచడమూ వింటున్నాను. నా చేతిలో ఆయన నీలం టోపీ ఉంది. అది ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

అంబులెన్సులోంచి మా ఆవిడకి ఫోన్ చేశాను. తనూ వదినా ఫినిష్ దగ్గర పూలగుత్తులతో నిలబడి ఉన్నారు. నేను మాట పూర్తిచేయకముందే తనకి అర్థమైంది. ఆసుపత్రిలో వదిన నా ముందు నుంచే వెళ్ళింది, నన్ను చూడలేదు. ఐసీయూ బయట కుర్చీల్లో సాయంత్రం దాకా కూర్చున్నాం. నా చొక్కా మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది, పిన్నీసులతో తగిలించుకున్న నంబరు కాగితం ఇంకా గుండెల మీదే ఉంది. వదిన ఆ నంబరు వైపే చూసింది. "మీరు పక్కనే ఉన్నారు కాబట్టి సరిపోయింది. వేరే ఎవరైనా అయితే వాళ్ళ పరుగు వాళ్ళు చూసుకునేవాళ్ళు" అంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చెప్పాల్సిన సమయం అదే. నేను తల వంచుకుని, నంబరు కాగితం పిన్నీసులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున ఆయన కళ్ళు తెరిచి, వదినని గుర్తుపట్టి, ఉంగరం ఏదని అడిగారు. దాన్ని కోసి తీయాల్సి వచ్చింది. మూడో రోజు ఇంటికి వచ్చారు. వారానికల్లా ఆసుపత్రి కాగితాలన్నీ ఫైలు కట్టి, తన పద్ధతిలో తప్పు ఎక్కడుందో రెండు పేజీలు రాసి నాకు పంపారు. ఆ రోజు పదమూడో మైలు తరవాత ఏమీ గుర్తులేదని అందులో ఉంది. అది చదివి నాకు ముందు హాయిగా అనిపించింది. ఆ వెంటనే, హాయిగా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ తన తోడల్లుడు తన కోసం పరుగు వదిలేసుకున్నాడని ఆయన చెబుతుండేవారు. మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసి, చిన్నల్లుడు బంగారం అన్నారు. పాతికేళ్ళుగా ఆవిడ నోట నేను వినాలనుకున్న మాట అది. విన్నాక ఆ పూట అన్నం సయించలేదు.

డాక్టర్లు ఒప్పుకున్నాక ఏప్రిల్‌లో మళ్ళీ కాలవ గట్టు ఎక్కాం. నడకే. మొదటి వారాల్లో నేను పెద్దగా మాట్లాడలేదు. ఆయనే ఒకరోజు, ఏంది తమ్మీ నోరు పడిపోయిందా అన్నారు. అప్పుడు చెప్పాను. వేళ్ళు చూశానని, గడియారం చూసుకున్నానని, వెళ్ళిపోయానని. ఆయన నడక ఆపలేదు. కాలవలో నీళ్ళ మీద బాతులు అటు నుంచి ఇటు దాటడం చూశారు. తరవాత, "ఎంత దూరం పోయినవ్?" అని అడిగారు. అర మైలు అన్నాను. ఎన్ని నిమిషాలు అని అడిగారు. పోవడానికి ఆరు, రావడానికి అయిదు అన్నాను. ఆయన మనసులో ఏదో లెక్క కట్టారు, పెదవులు కదలడం కనపడింది.

"ఆగకపోతే అయిదు గంటల లోపలనే అయిపోతుండె నీకు" అన్నారు.

అంతే. క్షమించాననీ అనలేదు, ఎందుకు చేశావనీ అనలేదు. ఇంకో పది అడుగులు వేశాక, ఇది మీ వదినకి చెప్పవలసిన పని లేదు అన్నారు. చెప్పాలనే అనుకుంటున్నానన్నాను. సరే, నేను కూడా ఉన్నప్పుడు చెప్పు అన్నారు. ఆ ఆదివారమే చెప్పాను. వదిన పప్పు తాలింపు వేస్తూ విని, స్టవ్ ఆపింది. తరవాత అందరికీ వడ్డించింది. నాకూ వడ్డించింది. కానీ ఆ తరవాత ఆరేడు నెలలు నాతో మాట్లాడేటప్పుడు మాటలు ఆచితూచి మాట్లాడేది, అది నాకు తెలిసేది. నెమ్మదిగా అదీ పోయింది.

నేను తరవాత రెండు మారథాన్లు పూర్తిచేశాను, ఒక్కటీ అయిదు గంటల్లోపు కాలేదు. ఆ జనవరి నాటి కాళ్ళు మళ్ళీ రాలేదు, ఇక రావు కూడా. ఆయన ఇప్పుడు పదమూడు మైళ్ళ పరుగులతో సరిపెట్టుకుంటున్నారు, దాహం వేస్తేనే తాగుతున్నారు. ఇద్దరం మోకాళ్ళ గురించి మాట్లాడుకునే వయసుకి వచ్చాం. ఆ ముప్ఫై రెండు వారాల పరుగులన్నీ ఇప్పుడు ఒకే పొద్దులా కలిసిపోయాయి. ఏ మైలు ఏ నెలలో పరిగెత్తామో, ఏ మాట ఏ గట్టు మీద అనుకున్నామో విడదీసి చెప్పలేను. ఆ పదకొండు నిమిషాలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా, ఏదీ చెరగకుండా నాలో ఉన్నాయి. కాలం మిగతాదంతా తీసుకుపోయి, అవి మాత్రం నా దగ్గరే వదిలేసింది.